ఊఁ కొట్టే మల్లన్న

పడమటి కొండల్లో చిలకవాగు దాటిన తరువాత ఎర్రచరియ అనే నిలువుకొండ ఒకటి ఉన్నది. దూరం నుంచి చూస్తే ఎవరో ఆకాశం అంచున ఎర్రచీర ఆరవేసి, తీసుకుపోవడం మరచిపోయినట్లు ఉంటుంది. దగ్గరికి వెళ్లి అంచున నిలబడి కిందికి చూస్తే మాత్రం గుండె ఝల్లుమంటుంది. ఆ చరియ నడుమ, పైనుంచి పన్నెండు నిలువుల లోతున, ఒక చిన్న గుహ ఉన్నది. అందులో వెలసిన స్వామిని భక్తులు ఊఁ కొట్టే మల్లన్న అని పిలుచుకుంటారు. ఇప్పుడు రాతిలో మెట్లు తొలిచారు కనుక ముసలివారు కూడా గోడ పట్టుకుని మెల్లగా దిగగలుగుతున్నారు.

గుహ కప్పుకు ఈనాటికీ పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. అందుచేత ఇక్కడ గంట కొట్టరు, టెంకాయ పగలగొట్టరు, సాంబ్రాణి పొగ వేయరు. లోపల అడుగు పెట్టగానే వేల ఈగల రొద ఒక్కటిగా కలిసి, ఎవరో పెద్దాయన కళ్లు మూసుకుని మన మాట వింటూ 'ఊఁ... ఊఁ...' అంటున్నట్లు చెవిన పడుతుంది. కొత్తవారికి ఒళ్లు జలదరిస్తుంది. ఇంట్లో ఎవరినైనా ఏడిపించి వచ్చినవారికి ఇంకొంచెం ఎక్కువ జలదరిస్తుందని పూజారిగారు నవ్వుతూ చెబుతారు. స్వామికి ఈ పేరు వచ్చిన కథ పెద్దలు చెప్పగా విన్నంతవరకు భక్తుల కోసం రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ గుడీ లేదు, మెట్లూ లేవు. కొండ మీద తేనెగూడెం అని పదిహేను గుడిసెల ఊరు ఉండేది. తేనె కోయటమే వారి బతుకు. ఎండలు ముదిరేసరికి పట్లు నిండేవి. మగవాళ్లు నారతాడు నడుముకు కట్టుకుని, ఒక చేత ఈగలను తోలే పొగకట్ట, ఒక చేత వెదురుకు బిగించిన కత్తి పట్టుకుని చరియ వెంట దిగేవారు. పైన తాడు పట్టేవాడు ఒక్కడే, వాడు బావమరిది అయితీరాలి. సొంత తమ్ముడికైనా ఆ తాడు ఇచ్చేవారు కాదు. అక్క పసుపుకుంకుమలు ఆ తాడు కొసనే వేలాడుతున్నాయని బావమరిదికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది.

దానికి ఒక మర్యాద ఉండేది. దిగినవాడు పని చేస్తున్నంతసేపూ పైవాణ్ణి ఎకసెక్కాలు ఆడుతూ ఉండాలి. బావాబావమరుదుల సరసం కనుక అందులో హద్దులు ఉండేవి కావు. పైవాడు ప్రతి మాటకూ 'ఊఁ' అనాలి. ఎదురు మాట అనకూడదు, ఊఁ మానకూడదు. ఎకసెక్కం వినబడుతూ ఉంటే కిందివాడు క్షేమం. ఊఁ వినబడుతూ ఉంటే తాడు చేతిలో ఉన్నట్లు లెక్క. ఇంత సన్నని ఏర్పాటు మీద ఆ గూడెంలో సంసారాలన్నీ నడిచేవి.

ఆ గూడెంలో బయ్యన్న అనే పాతికేళ్లవాడు ఉండేవాడు. అతని అక్క ఈరమ్మ. ఆమె భర్త గురవన్న. కనుక గురవన్నకు తాడు పట్టవలసినవాడు బయ్యన్నే. అతని చేతులు ఉక్కులాంటివి. మనసు కూడా చెడ్డది కాదు. కోపమే ముక్కు మీద కూర్చుని ఉండేది. కోపం వచ్చే ముందు అతనికి చెవుల వెనక వెచ్చబడేది. ఆ తరువాత ఏం చేశాడో, చేసేసిన తరువాతే తెలిసేది. ఎదురుగా ఏదో ఒకటి విరిగి ఉండేది, ఎవరో ఒకరు ఏడుస్తూ ఉండేవారు. ఇది చేసింది నేనేనా అని బిక్కచచ్చిపోయేవాడు. అతని కోపానికి గూడెం భయపడేది. గూడెంకన్నా ఎక్కువగా అతడే భయపడేవాడు, ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఆ ఏడు మాఘమాసంలో అతని భార్య నీలి పుట్టింటికి వెళ్లిపోయింది. ఆమె గుడిసె మీదికి సొరపాదు పాకించింది. ముదిరి ఎండిన సొరకాయలే ఆ గూడెంలో తేనె పట్టే బుర్రలు. రోజూ తెల్లవారగానే ఒక్కొక్క పిందెనూ పసిబిడ్డ తలలాగా నిమిరి, వెన్నెల తాగి పెరిగారా అని పలకరించేదట. ఒకనాడు బయ్యన్న చెట్టు దిగుతూ జారి బురదలో పడ్డాడు. నీలి నవ్వింది. అంతే, అతడు లేచి కత్తి తీసుకుని పాదును మొదలంటా నరికేశాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. వాడిపోతున్న తీగను చుట్టగా చుట్టి గోడవార పెట్టి, మరునాడు వాగు దాటి వెళ్లిపోయింది. మూడు నెలలు గడిచినా బయ్యన్న వెళ్లి పిలవలేదు. సిగ్గుతో వెళ్లలేదు. అతనిలో సిగ్గు కూడా పైకి కోపంలాగే కనిపించేది. అందుకని ఎవరూ ఆ ఊసు ఎత్తేవారు కాదు.

వైశాఖం వచ్చింది. మొదటి కోతకు గురవన్న ఎర్రచరియ దిగాడు. బయ్యన్న అంచున మేకతోలు పరిచి, తాడును దాని మీదుగా వదిలి, వెనక ఉన్న రాతిగుంజకు ఒక చుట్టు తిప్పి, కొసను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఈరమ్మ గంపలో పరిచే మోదుగాకులు కోసుకురావడానికి పక్క వాలులోకి వెళ్లింది. గాలి వీస్తున్నది. ఆకాశం ఎంత నీలంగా ఉన్నదంటే, అలాంటి రోజున ఎవరికీ ఏమీ కాదు అనిపించేంత నీలంగా ఉన్నది.

కింద నుంచి గురవన్న మొదలుపెట్టాడు. మీ అయ్య నీకు తాడు పట్టడం నేర్పాడా, గాడిద తోక పట్టడం నేర్పాడా అన్నాడు. బయ్యన్న ఊఁ అన్నాడు. మీ అక్క సంకటి తిని తిని బండలా తయారయ్యాను, నీ నడుము ఇవాళ విరగడం ఖాయం అన్నాడు. ఊఁ. పొగ పెట్టాడు, ఈగలు లేచాయి, ఆ రొదలోంచి కూడా అతని గొంతు నవ్వుతూనే ఉన్నది. ఒక ఈగ చెంప మీద కుట్టింది కాబోలు, కెవ్వుమని, ఆ మంటలో నోటికి వచ్చిన మాట అనేశాడు.

“నీ నోటికన్నా ఈ ఈగల ముళ్లే నయంరా బామ్మర్దీ. ఊరికే పోయిందా నీలి పుట్టింటికి?”

బయ్యన్నకు చెవుల వెనక వెచ్చబడింది.

ఊఁ అనలేదు. పళ్లు బిగించాడు. నోరు తెరిస్తే ఏ బూతు వస్తుందోనని మొదట ఊరుకున్నాడు. తరువాత, ఊఁ అనకపోతే తిక్క కుదురుతుంది అనుకున్నాడు. ఆ తరువాత ఏమనుకున్నాడో అతనికి గుర్తు లేదు. తాడును గుంజకు ఇంకో రెండు చుట్లు తిప్పి ముడివేసి, చేతులు వదిలి, పది అడుగులు అవతలికి వెళ్లి, చరియ వైపు వీపు తిప్పి కూర్చున్నాడు. తేనెగూడెం పుట్టిన తరువాత మనిషి దిగి ఉండగా తాడు వదిలినవాడు అతడే.

పొంగు చల్లారింది. చెవుల వెనక వేడి తగ్గేసరికి మొదట వినబడింది గాలి. గాలి తప్ప ఇంకేమీ వినబడలేదు. బావ గొంతు లేదు. ఎంతసేపు అయింది, రెండు ఎకసెక్కాల సేపా, ఇరవై ఎకసెక్కాల సేపా? బయ్యన్న తిరిగి చూశాడు. తాడు మేకతోలు మీద నుంచి పక్కకు జరిగి, ఉత్త రాతి అంచు మీద ఉన్నది. ఒరుసుకున్న చోట పీచు తేలి, నార పోగులు మూడు తెగి, పిల్లి మీసాల్లాగా పైకి లేచి గాలికి కదులుతున్నాయి.

అతడు పరుగెత్తి తాడు పట్టుకున్నాడు. తాడుకు బరువు లేదు. కొసన మనిషి లేనట్లు చేతిలో తేలికగా ఊగింది. బావ ఎక్కడైనా రాతిగట్టు మీద నిలబడ్డాడా? పొగకు సొమ్మసిల్లి పడి ఉన్నాడా? నడుం ముడి జారిందా? గట్టు మీద ఉంటే, ఇప్పుడు లాగితే కాలు తప్పి పడిపోతాడు. సొమ్మసిల్లి ఉంటే, లాగకపోతే ఈగలు చంపేస్తాయి. వంగి చూస్తే పొగ, కింద లోయ, ఆ లోయలో వాగు వెండితీగలాగా మెరుస్తూ ఉన్నాయి.

అప్పుడు ఈరమ్మ ఆకుల మోపుతో వచ్చింది. తమ్ముడి ముఖం చూసింది. గుంజకు వేసిన ముడి చూసింది. మోపు కింద పెట్టలేదు, జారవిడిచింది.

“ఊఁ అను,” అన్నది మెల్లగా.

“బావ ఏమీ అనడంలేదక్కా. దేనికి అనను?”

“అనకపోయినా అను తమ్ముడూ.”

బయ్యన్న నోరు తెరిచాడు. గొంతు రాలేదు. జన్మలో ఎన్ని కేకలు వేసినవాడు, ఎంతమందిని హడలగొట్టినవాడు, ఆ ఒక్క అక్షరం నాలుక మీదికి రాక అల్లాడిపోయాడు. మూడోసారికి ఊఁ అని గాలి వచ్చింది. నాలుగోసారికి శబ్దం వచ్చింది. తప్పిపోయిన దూడను పిలిచినట్లు అంచున మోకాళ్ల మీద కూర్చుని ఊఁ, ఊఁ అంటూనే ఉన్నాడు. కళ్లనీళ్లు తాడు మీద పడుతున్నాయి. అక్క పక్కన కూర్చుని అతని భుజం మీద చెయ్యి కూడా వేయలేదు. ఆమె చేతులు రెండూ మెడలోని తాళిని పట్టుకుని ఉన్నాయి.

తాడు రెండుసార్లు కదిలింది. రెండుసార్లంటే పైకి లాగమని.

బయ్యన్న ముడి విప్పి, తాడును మళ్లీ తోలు మీదికి జరిపి లాగడం మొదలుపెట్టాడు. బరువు తగిలింది. పీచు తేలిన ఆ చోటు అంచు దాటి తన చేతిలోకి వచ్చి, చెయ్యి దాని కిందికి మారేవరకు అతడు ఊపిరి పీల్చలేదు. కడకు గురవన్న తల కనిపించింది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. గంప నిండా తేనెపట్టు. నోటి నిండా నవ్వు.

పైకి వచ్చి కూర్చోగానే గురవన్న బావమరిదిని తెగ పొగిడాడు. గాలికి తాడు ఊగి ఒక గట్టు మీదికి చేరానని, అక్కడ గుహలో పెద్ద పట్టు దొరికిందని, పొగకు కళ్లు కనబడక పట్టు తప్పబోయినప్పుడల్లా పైనుంచి ఊఁ వినబడి ప్రాణం కుదుటపడిందని చెప్పాడు. పెళ్లాం మాట ఎత్తాక నువ్వు ఊఁ మానేస్తావని భయపడ్డాను, ఒక్కటి కూడా తప్పలేదు, ఆ మాట కావాలనే రెండోసారి అన్నా ఎంతో ప్రేమగా ఊఁ అన్నావు అన్నాడు.

ఈరమ్మ తమ్ముడి వైపు చూసింది. ఒక్క మాట మింగితే బయ్యన్నకు ఆనాటి నుంచి గూడెంలో మంచిపేరు. మింగబోయాడు. అది గొంతు దిగలేదు.

“నేను అనలేదు బావా. కోపం వచ్చి తాడు గుంజకు కట్టేసి వెళ్లిపోయాను.”

గురవన్న నవ్వు ఆగిపోయింది. తాడు తీసుకుని తెగిన పోగుల మీద బొటనవేలు ఆనించి చాలాసేపు చూశాడు. బయ్యన్న దెబ్బ కోసం తల వంచుకుని కూర్చున్నాడు. దెబ్బ పడలేదు.

“మరైతే అక్కడ నాతో ఉన్నది ఎవరురా?” అన్నాడు గురవన్న.

ఆ గుహలో ఏమున్నదో చూడనిదే గురవన్నకు అన్నం సహించలేదు. మరునాడు కొత్త తాడు తెచ్చి, దాని కొసను తిరిగి బయ్యన్నకే అందించాడు. బయ్యన్న చేతులు వెనక్కి దాచుకున్నాడు. ఈ చేతుల మీద నాకే నమ్మకం లేదు, ఇంకెవరినైనా పట్టమను అన్నాడు. గురవన్న ఒప్పుకోలేదు. నిన్న నీకు భయం లేదు, అందుకే వదిలావు, ఇవాళ భయపడుతున్నావు కనుక నీకే ఇస్తున్నాను అన్నాడు. ఈరమ్మ అడ్డు రాలేదు. కాని ఆకులకు వెళ్లకుండా అక్కడే కూర్చున్నది.

ఆ రోజు గురవన్న అన్న ఎకసెక్కాలు లెక్కలేవు. నీలి మాట కూడా అన్నాడు, మరచిపోకుండా అన్నాడు. బయ్యన్నకు మళ్లీ చెవుల వెనక వెచ్చబడింది. ఇదిగో వచ్చింది, మళ్లీ వచ్చింది అని గడగడలాడిపోయాడు. తాడు వదలడానికి లేదు, మాట అనడానికి లేదు. ఊఁ అన్నాడు. ఆ వేడి కాస్త ఆ శబ్దం వెంట బయటికి పోయింది. పూర్తిగా పోలేదు. ఇంకో ఊఁ అన్నాడు. ఇంకొంచెం పోయింది.

గురవన్న నిన్న పట్టు కోసిన చోటికి చేరి, పొగ పక్కకు తోసి చూశాడు. పట్టు వెనక రాతిలో జానెడు లింగం ఉన్నది. కోసిన అంచు నుంచి తేనె బొట్టుబొట్టుగా దాని మీద పడుతున్నది. మిగిలిన ఈగలు లింగం చుట్టూ ముసిరి ఊఁ అంటున్నాయి. గురవన్న ఎకసెక్కం మరచిపోయి చేతులు జోడించాడట. పైన బయ్యన్న మాట వినబడక హడలిపోయి ఊఁ, ఊఁ అని ఒకటే అరిచాడట.

ఆ మధ్యాహ్నం బయ్యన్న బండ నీడన కునుకు తీశాడు. కలలో ఒకాయన కనిపించాడు. ఒళ్లంతా తేనె, ముఖం నిండా ఈగలు, అందుచేత ముఖం తెలియలేదు. కిందివాడికి ఇంకెవరూ లేక నేను పలికాను అన్నాడు. నువ్వు పట్టవలసిన తాడు ఇంకొకటి ఉన్నది, దాన్ని మూడు నెలల కిందట గుంజకు కట్టి వచ్చావు, అది ఒరుసుకుంటున్నది, వెళ్లి పట్టుకో అన్నాడు. బయ్యన్న దిగ్గున లేచాడు. నీలి వాగు దాటినప్పుడు వెనక్కి తిరిగి చూసిందో లేదో అతడు చూడనేలేదు. పోగులు ఎన్ని తెగాయో, ఇంకా ఎన్ని మిగిలాయో అనుకున్నాడు. కొత్త తాడును భుజాన వేసుకుని ఆ క్షణమే వాగు వైపు నడిచాడు.

నీలి పుట్టింటి గుమ్మంలో ఆమె అన్న గొడ్డలి నూరుకుంటూ కూర్చుని ఉన్నాడు. పాదులు నరికే దొరగారు వచ్చారే, మా ఇంట్లో అన్నీ వంకాయ మొక్కలే, కత్తి తెచ్చావా అన్నాడు. బయ్యన్న ఊఁ అనబోయి, తెచ్చానన్నట్లు అవుతుందేమోనని కంగారుపడి, లేదని తల ఊపి, నేల మీద చతికిలబడ్డాడు. తాడు ఒక కొసను గడప మీదుగా లోపలికి విసిరి, రెండో కొసను తన చేతికి చుట్టుకున్నాడు. నీలీ, నువ్వు చెప్పేవన్నీ చెప్పు, నేను ఊఁ అంటాను, నేను తాడు వదిలినా ఎదురు చెప్పినా అప్పుడు వెళ్లిపొమ్మను అన్నాడు.

చాలాసేపు తాడు కదలలేదు. గొడ్డలి నూరే శబ్దం ఒక్కటే. రాదు, ఇక రాదు అనుకుంటుండగా తాడు కొంచెం బిగిసింది.

“సొరపాదు,” అన్నది నీలి లోపలినుంచి.

“ఊఁ.”

“ఒక్క మాటలో ఊఁ అంటే అయిపోదు. పదకొండు పిందెలు.”

“ఊఁ.”

అక్కడినుంచి ఆమె ఆగలేదు. పెళ్లినాటి నుంచి మొదలుపెట్టింది. విరిగిన దువ్వెన, విసిరిన ముంత, జాతరలో నలుగురిలో అన్న మాట, పక్కింటివాళ్లు విన్న మాట. కోపగిస్తావేమో అని రోజూ నీ అడుగుల చప్పుడు బట్టి నీ మనసు తెలుసుకోవడం నేర్చుకున్నాను, అలాంటి చదువు ఏ ఆడదానికీ వద్దు అన్నది. బయ్యన్న అన్నిటికీ ఊఁ అన్నాడు. నడుమ ఒకచోట ఆమె చచ్చిపోయిన అతని తల్లిని ఒక మాట అన్నది. అది న్యాయమైన మాట కాదు. చెవుల వెనక భగ్గుమంది. అతని పిడికిలి బిగుసుకుని తాడు వణికింది. ఆ వణుకు లోపలి కొసకు తెలిసింది. నీలి టక్కున మాట ఆపి గోడకు ఆనుకుపోయింది. గొడ్డలి నూరే శబ్దం కూడా ఆగింది.

“ఊఁ,” అన్నాడు బయ్యన్న.

గొంతు చాలా చిన్నగా వచ్చింది, కాని వచ్చింది. కాసేపటికి లోపల ఆమె ఏడుపు వినబడింది. పాదు నరికిననాడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

పొద్దు కొండ మీదికి వాలుతుండగా నీలి మూట చంకన పెట్టుకుని గడప దాటి బయటికి వచ్చింది. తాడు కొస ఇంకా ఆమె చేతిలోనే ఉన్నది.

“అయిపోయాయి అనుకోకు. అలిసిపోయాను. మిగిలినవి దారిలో చెబుతా.”

బయ్యన్న ఊఁ అన్నాడు. వాగు దాటేంతవరకు ఇద్దరూ ఆ తాడు వదలలేదని, నడుమ తాడు నీళ్లలో తడిసి బరువెక్కినా వదలలేదని చెబుతారు. ఆ తరువాత బయ్యన్నకు కోపం రాలేదా అని అడిగేవారున్నారు. వచ్చింది, ముసలితనం దాకా వస్తూనే ఉన్నది. వచ్చినప్పుడల్లా అతడు ఏ పని మీద ఉన్నా ఆపి, చేతికి దొరికినదేదో, తలుపో, చెట్టుకొమ్మో గట్టిగా పట్టుకుని నిలబడేవాడట. అది చూసి పిల్లలు, తాత తాడు పట్టుకున్నాడు, ఇప్పుడు మాట్లాడించకండి అని దూరంగా జరిగేవారట.

ఆనాటి నుంచి ఎర్రచరియ మీద ఈ ఆచారం నడుస్తున్నది. కలహించుకున్న భార్యాభర్తలు, అన్నదమ్ములు, అత్తాకోడళ్లు, తండ్రీకొడుకులు వాగులో స్నానం చేసి జంటగా కొండకు వస్తారు. ఒకరు పైన రాతిగుంజ దగ్గర నిలబడతారు. ఒకరు మొదటి పన్నెండు మెట్లు దిగి ఆగుతారు. నడుమ దేవస్థానం వారు ఇచ్చిన నారతాడు. కిందివారు తమ బాధ చెప్పుకుంటారు, పైవారు ఊఁ అంటారు. తరువాత చోట్లు మారుతారు. తాడు వదిలినా, 'అది కాదు నే చెప్పేది' అని అందుకున్నా, ఇద్దరూ తిరిగి వాగు దాకా వెళ్లి మునిగి మొదటి నుంచి మొదలుపెట్టాలి. కిందటి వైశాఖంలో ఒక జంట తెల్లవారుజాము నుంచి నాలుగుసార్లు మునిగి, ఐదోసారికి చలికి వణుకుతూ ఒకరిని చూసి ఒకరు నవ్వుకుని, దర్శనానికి వెళ్లారు. తాడు ముగించినవారికి పూజారిగారు చరియ తేనె ఒక్క బొట్టు నాలుక మీద వేస్తారు. అది కరిగేదాకా మాట్లాడకూడదు.

ఇక్కడికి వస్తే కోపం పోతుందని పెద్దలు చెప్పలేదు. కోపం వచ్చినవేళ తాడు చేతిలో నిలుస్తుందని, ఇంటిమాట ఇంట్లో వినబడుతుందని, తెగబోయే పోగు తెగకుండా ఆగుతుందని మాత్రం చెప్పారు. నమ్మి వచ్చినవారికి అంతమాత్రం తప్పక జరుగుతున్నది.

దర్శనం అయిన తరువాత భక్తులు గుహలో కాసేపు చెవి పెట్టి నిలబడతారు. ఆ ఊఁ వినబడగానే కొందరికి ధైర్యం కలుగుతుంది, కొందరికి దిగులు కలుగుతుంది. ఎందుకంటే మనం తాడు వదిలిన వేళ స్వామి మన బదులు పలుకుతాడట, కాని ఒక్కొక్కరికి జన్మలో ఒక్కసారే పలుకుతాడట. ఆ ఒక్కసారి ఇదివరకే అయిపోయిందో, ఇంకా మిగిలి ఉన్నదో ఎవరికీ తెలియదు. అందుకని మెట్లు ఎక్కేటప్పుడు ఎవరూ పక్కవారి చెయ్యి వదలరు.